బడి ఆటల్లో నిబంధన ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి దేవరకొండ దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. మండల స్థాయి కబడ్డీ సెలక్షన్స్‌లో బాగా ఆడినా, అండర్-17కు వయసు మించిందని పేరు తీసేశారు. అడిగితే 'పైనుంచి వచ్చిన రూలు' అన్నారు. ఆ పైవాళ్లు ఎవరు?
- ఒక తండ్రి

జవాబు: ఆట ఎలా ఆడాలన్నది ఒకరు, ఎవరు ఆడాలన్నది మరొకరు నిర్ణయిస్తారు. ముప్పై సెకన్ల రైడ్, ఎదుటి పక్షంలో కనీసం ఆరుగురు ఉన్నప్పుడే బోనస్, మహిళల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉండాలనడం వంటివి కబడ్డీ సమాఖ్య నియమాలు. వాన వెలిసిన మైదానంలో ముగ్గుపిండితో మళ్లీ గీసిన బోనస్ గీత కాస్త వంకరగా వచ్చినా, ఆ క్షణాన రిఫరీ మాటే చెల్లుతుంది.

మీ అమ్మాయి విషయం రెండో కోవకు చెందినది. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలను, వయసు లెక్కించే తేదీని 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య నిర్ణయిస్తుంది. మన దగ్గర ఎస్‌జీఎఫ్ అని పిలిచేది దాని శాఖలనే. మండలంలో, జిల్లాలో పోటీలు నడిపే విద్యాశాఖ అధికారులు, వ్యాయామ ఉపాధ్యాయులు ఆ నిబంధనను అమలు చేయగలరే తప్ప, మైదానంలో నిలబడి కొత్తది చేర్చలేరు. తరగతి కాదు, పుట్టిన తేదీయే ప్రమాణం కాబట్టి పదో తరగతిలో ఉన్నంత మాత్రాన అర్హత రాదు, పోదు. అందువల్ల ఈ ఏడాది సర్క్యులర్ చూపించమని ప్రధానోపాధ్యాయుల ద్వారా రాతపూర్వకంగా అడగండి. అది అడగడం తగువు పెట్టుకోవడం కాదు, మీ హక్కు. అసలు సెలక్షన్స్‌కు ముందే ఆ కాగితాన్ని నోటీసు బోర్డులో అంటించి ఉంటే ఒక ఆడపిల్ల అందరి ముందు ఏడుస్తూ పక్కకు రావాల్సిన అవసరం ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఇంకొక్క సంగతి చూసుకోండి. మన పల్లెల్లో ఒకటో తరగతిలో చేర్చేనాడు జనన ధ్రువపత్రం లేక, బడి రిజిస్టరులో అందాజుగా జూన్ నెల తేదీ వేయించినవారు చాలామంది ఉన్నారు. అలా ఒకటి రెండేళ్లు ఎక్కువ పడి ఉంటే, ధ్రువపత్రంతో వెంటనే ప్రధానోపాధ్యాయులను కలవండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) వెళ్లి మార్కుల మెమో వచ్చాక తేదీ మార్పించడం చాలా కష్టం.