గుర్తు తెలియనిదాంతో గుణించకు

చి. అమ్ములుకి,

నువ్వు పంపిన ప్రాక్టీస్ కాగితాలు రెండుసార్లు చూశాను. లెక్కల్లో నీకు లోటేమీ లేదు. చిక్కల్లా అడగని లెక్క కూడా చేసేయడంతోనే వస్తోంది. జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) డేటా సఫిషియెన్సీలో ఒక ప్రశ్న, దాని కింద రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. ఎక్స్ విలువ నువ్వు చెప్పక్కర్లేదు. మొదటిదొక్కదాంతో, రెండోదొక్కదాంతో, లేదా రెండూ కలిపితే జవాబు తేలుతుందా, తేలదా, అంతవరకే. పైగా సమీకరణాల దగ్గర నేర్చుకున్న అలవాట్లన్నీ ‘ఎక్కువ, తక్కువ’ గుర్తులుండే ఇనీక్వాలిటీల్లోకి పట్టుకొచ్చేస్తున్నావు.

నీ మూడో లెక్కే తీసుకుందాం. ఎక్స్/వై > 1 అవునా? (1) ఎక్స్ > వై. (2) వై < 0. వైని అవతలికి పంపేసి ‘ఎక్స్ > వై’ అని రాసి, మొదటిదొక్కటే చాలని టిక్కు పెట్టేశావు. రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుందని నీకు తెలీక కాదు. వై ముందు మైనస్ కనబడలేదు కాబట్టి అది ధన సంఖ్యే అనుకున్నావు. అక్షరం కడుపులో ఏముందో పైకి కనబడదమ్మా. 3, 2 వేసి చూడు: 1.5, అవును. 3, −2 వెయ్యి: −1.5, కాదు. మొదటిది చాలదు. రెండోదాంట్లో ఎక్స్ ఊసే లేదు. రెండూ కలిపితే వై రుణమని తెలిసింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా భాగించవచ్చు. గుర్తు తిరిగి ఎక్స్/వై < 1 అవుతుంది. అంటే జవాబు ‘కాదు’, ఎప్పుడూ ‘కాదు’.

సరిగ్గా ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ‘కాదు’ అని వచ్చింది కదా అని సమాచారం చాలలేదనుకుంటారు. ఖాయంగా ‘కాదు’ అని తేలినా తేలినట్టే. ఒక అంకెకి అవును, ఇంకో అంకెకి కాదు అంటేనే చాలనట్టు. నేను రాసిన ఒక మాక్ టెస్టులో ఇలాంటివి మూడు పోగొట్టుకున్నాను. మూడింట్లోనూ లెక్క సరిగ్గానే చేశాను, అదీ నా ఏడుపు.

అందుకని స్టేట్‌మెంట్‌ని నిరూపించబోకు, ముందు పడగొట్టడానికి చూడు. ఒక అంకె ‘అవును’ అందంటే వెంటనే ‘కాదు’ అనే అంకె కోసం వెతుకు. నువ్వు ఎప్పుడూ 2, 3, 5 వేసి చూస్తున్నావు. అవి మరీ బుద్ధిమంతులు, గొడవ పెట్టవు. −2, −1, −1/2, 0, 1/2, 1, 2, ఈ ఏడూ కాగితం మూల రాసి పెట్టుకో. −1, 0, 1 దగ్గర అంకెల నడత మారిపోతుంది. 2ని వర్గం చేస్తే పెరుగుతుంది, 1/2ని చేస్తే తగ్గుతుంది. −2 ఘనం ఇంకా కిందికి దిగి −8 అవుతుంది, −1/2 ఘనమేమో పైకి లేచి −1/8 అవుతుంది.

దీని పని చూడాలంటే: ఎక్స్³ > ఎక్స్ అవునా? (1) ఎక్స్² > ఎక్స్. (2) −1 < ఎక్స్ < 1. మొదటిదాంట్లో 2 వేస్తే 8 > 2, అవును. −2 కూడా మొదటిదానికి సరిపోతుంది, కానీ −8 అనేది −2 కన్నా చిన్నది, కాదు. పడిపోయింది. రెండోదాంట్లో 1/2 కాదంటుంది, −1/2 అవునంటుంది. అదీ పడిపోయింది. కలిపి చూడటానికి నంబర్ లైన్ గీసుకో. మొదటిది చెప్పేది ఎక్స్ సున్నకి ఎడమవైపైనా ఉండాలి, 1కి కుడివైపైనా ఉండాలి అని. రెండోది ఆ కుడి ముక్కని కొట్టేసింది. −1కీ 0కీ మధ్య ముక్క మిగిలింది. అక్కడ ఏ సంఖ్య ఘనమైనా ఆ సంఖ్యకి కుడివైపే పడుతుంది. కాబట్టి రెండూ కలిపితే చాలు.

ఈ ఆఖరి మెట్టు మాత్రం అంకెలతో తేల్చకు. రెండు అంకెలు ‘అవును’ అన్నంత మాత్రాన మూడోది కూడా అంటుందని లేదు. పడగొట్టడానికి అంకెలు వాడు, నిలబెట్టడానికి మాత్రం కారణం చూపించు.

నీ ఏడో లెక్కలో ఎక్స్ + వై > 5 లోంచి ఎక్స్ − వై > 1 తీసేసి, వై > 2 అన్నావు. ఎక్స్ 10, వై 0 పెట్టి చూడు, రెండు షరతులకీ సరిపోతాయి, వై మాత్రం 2 దాటలేదు. ఒకే వైపు తిరిగిన ఇనీక్వాలిటీలని కూడవచ్చు, తీసివేయకూడదు. కూడితే ఎక్స్ > 3 అని వస్తుంది, అది నిజమే.

వర్గాల సంగతి నీకు తెలిసిందే, గుర్తుని మింగేస్తాయి. ఎక్స్² > వై² అంటే సున్న నుంచి ఎక్స్ ఎక్కువ దూరంలో ఉందని మాత్రమే, ఏ వైపో చెప్పదు. ‘ఎక్స్ పూర్ణాంకం’ అన్న ముక్క ఉంటే కింద గీత గీసుకో. 6 < 2ఎక్స్ + 1 < 8 అంటే మామూలుగా లెక్కలేనన్ని విలువలు. పూర్ణాంకమైతే 3 ఒక్కటే.

రెండో స్టేట్‌మెంట్ చదివేటప్పుడు మొదటిదాన్ని అరచేత్తో మూసెయ్యి. నవ్వుకో, పర్లేదు, నేనిప్పటికీ అలాగే చేస్తాను. జీమ్యాట్‌లో ఈ ప్రశ్నలు ఇప్పుడు డేటా ఇన్‌సైట్స్ భాగంలో వస్తున్నాయి. 45 నిమిషాలకి 20 ప్రశ్నలు, సగటున ఒక్కోదానికి రెండుంపావు నిమిషాలు. తెర మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు గానీ, వై ధనమో రుణమో అది చెప్పదు.

ఇది చేసి పంపు: ఎక్స్ × వై > వై అవునా? (1) ఎక్స్ > 1. (2) వై > 0. మొదటిదొక్కటే చాలని నీకనిపిస్తే, వైని ఎప్పుడు కొట్టేశావో వెనక్కి వెళ్ళి చూసుకో.

ఆశీస్సులతో,
బాబాయి