పని చేసిన రోజు కాదు, క్లెయిమ్ వచ్చిన రోజు: ఫ్రీలాన్స్ టెకీల బీమా సందేహాలు

ప్రశ్న: ఇంటి నుంచే ప్రోగ్రామింగ్ చేస్తాను. అమెరికా కంపెనీ ఒకటి పంపిన ఒప్పందంలో 10 లక్షల డాలర్లకు ‘ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్’ బీమా ఉండాలని, పాలసీలో తమ పేరు కూడా చేర్చాలని రాశారు. గవర్నర్‌పేటలో ఏజెంటును అడిగితే కోటి రూపాయల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ చూపించారు. అది చాలా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: రెండూ ఒక కోవవే. మీ కోడ్‌లోనో సలహాలోనో పొరపాటు జరిగి క్లయింటు నష్టపోయి మీమీద దావా వేస్తే, పరిహారంతో పాటు లాయరు ఖర్చులు కూడా భరించే పాలసీలవి. కానీ మీకు చూపించినది చాలదు. వాళ్లడిగిన మొత్తం ఎనిమిది, తొమ్మిది కోట్ల రూపాయలు. అంతకంటే ముందు పాలసీ షెడ్యూలులో ‘జూరిస్‌డిక్షన్’ అన్న గడి చూడండి. అక్కడ ఇండియా అని మాత్రమే ఉంటే అమెరికా కోర్టులో వేసిన కేసుకు పైసా రాదు. ‘అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా’ అని ఉన్నా మీకు ఫలితం సున్నాయే. పక్కనే ఉండే ‘టెరిటరీ’ గడి వేరు. అది పని ఎక్కడ చేశారన్న దాని గురించి, ఇది కేసు ఎక్కడ వేస్తారన్న దాని గురించి. చాలామంది ‘టెరిటరీ’ గడి మాత్రమే చూసి ధైర్యపడతారు.

అమెరికాను కలిపితే ప్రీమియం బాగా పెరుగుతుంది. కాబట్టి సంతకానికి ముందే బేరమాడండి. మీ బాధ్యత గత 12 నెలల్లో మీకు చెల్లించిన ఫీజును మించకూడదన్న షరతు అడగండి. అది ఒప్పుకుంటే బీమా మొత్తం తగ్గించమనడానికి మీకు ఆధారం దొరుకుతుంది. ఆలస్యానికి రోజుకింత అనే జరిమానా షరతును మాత్రం తీయించే ప్రయత్నం గట్టిగా చేయండి. ఒప్పందంలో మీరు అదనంగా నెత్తిన వేసుకున్న అలాంటి పూచీని ఈ పాలసీలు సాధారణంగా భరించవు.

ఇక పేరు చేర్చడం. క్లయింటునూ బీమాదారుగా, అంటే పాలసీ రక్షణ పొందేవారిగా రాయిస్తే, ఒక బీమాదారు మరో బీమాదారుమీద వేసే క్లెయిమ్ చెల్లదన్న మినహాయింపు అడ్డుపడే ప్రమాదం ఉంది. అప్పుడు ఏ క్లయింటు కోసం పాలసీ కొన్నారో ఆ క్లయింటు క్లెయిమే చెల్లకుండా పోతుంది. పాలసీ ఉందని బీమా కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ చాలునేమో ముందు అడగండి. పేరు చేర్చాల్సిందేనని వాళ్లు పట్టుబడితే, ఆ మినహాయింపు ఈ క్లయింటు క్లెయిములకు వర్తించదని ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే సవరణ) రాయించుకోండి.

లాయరు ఖర్చు పాలసీ మొత్తంలోనే కలిసి ఉంటుందా, విడిగానా అన్నదీ తేల్చుకోండి. కలిసి ఉంటే, కోటి పాలసీలో వాదనకే 18 లక్షలు పోతే పరిహారానికి మిగిలేది 82 లక్షలే.

ప్రశ్న: గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి స్టాకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. గత నెల అప్‌డేట్ తర్వాత లాట్ నంబర్లు తారుమారై ఒకరి బస్తాలు ఇంకొకరికి వెళ్లాయి. 6 లక్షలు కట్టమని యజమాని వాట్సాప్‌లో అడుగుతున్నారు. ఇప్పుడు పాలసీ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తీసుకోవచ్చు, కానీ ఈ 6 లక్షలకు అది పనికిరాదు. ముందే తెలిసిన గొడవ ఏ పాలసీలోకీ రాదు. ప్రపోజల్ ఫారంలో దాచిపెడితే మొత్తం పాలసీయే రద్దయ్యే ప్రమాదం తెచ్చుకున్నట్టు. ఉన్నదున్నట్టు రాయండి. కంపెనీ ఈ ఒక్క వ్యవహారాన్నీ మినహాయించి మిగతా పనులకు పాలసీ ఇవ్వవచ్చు.

ముందు ఆ రోజు డేటాబేస్ బ్యాకప్, అప్‌డేటుకు ముందూ తర్వాతా ఉన్న కోడ్, లాగులు, వేబిల్లుల కాపీలు కదలకుండా భద్రపరచండి. ‘తప్పంతా నాదే, కట్టేస్తాను’ అని జవాబు పంపకండి, అది సాక్ష్యమవుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పడం వల్ల సహజంగా కలిగే నష్టాన్నే అడగాలి, దూరపు నష్టాన్ని కాదు. తనవంతుగా తగ్గించుకోగలిగి కూడా తగ్గించుకోని నష్టానికీ పరిహారం అడగలేరు. ఏ లాటుకు ఎన్ని బస్తాలు, ఎన్ని తిరిగొచ్చాయి, ఆ రోజు యార్డు ధర ఎంత అన్న లెక్క రాతపూర్వకంగా అడగండి.

పాలసీ ఉన్నవారికి ఇక్కడొక హెచ్చరిక. ఈ పాలసీల్లో సాధారణంగా పని చేసిన రోజు కాదు, క్లెయిమ్ వచ్చిన రోజు పాలసీ నడుస్తోందా అన్నదే లెక్క. చాలా పాలసీల్లో డబ్బు కట్టమంటూ రాతలో వచ్చిన మాటే క్లెయిమ్. లాయరు నోటీసు వచ్చేదాకా ఆగితే ఈలోపు పాలసీ ఏడాది ముగిసిపోవచ్చు. గొడవ వచ్చేలా ఉందని అనుమానం కలిగిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి, రసీదు దాచుకోండి. వాళ్ల అనుమతి లేకుండా రాజీపడవద్దు.

ప్రశ్న: 2023 జూన్‌లో ఇచ్చిన ప్రాజెక్టుమీద ఇప్పుడు కేసు వస్తే, 2025 ఏప్రిల్‌లో తీసుకున్న పాలసీ వర్తిస్తుందా? ఉద్యోగంలో చేరితే పాలసీ మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పాలసీలో ‘రెట్రోయాక్టివ్ డేట్’ ఏమని ఉందో చూడండి. ఆ తేదీకి ముందు చేసిన పనులకు పాలసీ వర్తించదు. 2025 ఏప్రిల్ 1 అని ఉంటే, పాలసీ నడుస్తున్నా 2023 నాటి పని దాని బయటే. 2023 జూన్‌కు ముందు తేదీ ఉంటే లోపల. ఆ తేదీ ఏటా కొనసాగాలంటే గడువులోపే రెన్యూవల్ కట్టాలి. ప్రీమియం చేరకముందు పూచీ మొదలవదని బీమా చట్టం 64వీబీ సెక్షన్. ఒక్కసారి తెగితే కొత్త పాలసీకి కొత్త తేదీ పడుతుంది, వెనకటి పనులన్నీ జారిపోతాయి.

మానేయడం మీ ఇష్టం. కానీ ఒప్పందం ఉల్లంఘనకు దావా వేసే గడువు సాధారణంగా 3 ఏళ్లు. అంతకాలం, పాలసీ ముగిశాక వచ్చే క్లెయిములకూ, పాత పనులకు మాత్రమే వర్తించే ‘ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్’ ఉందేమో పాలసీ ముగిసేలోపే అడగండి. ముగిశాక దొరకడం కష్టం.

ప్రశ్న: క్లెయిమ్ తిరస్కరిస్తే?
– ఒక పాఠకుడు, ఆటోనగర్

జవాబు: ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయండి. ఆంధ్రప్రదేశ్ వారి పరిధిలోనే ఉంది. సొంత పేరుతో చేసుకునే వ్యాపారాలకూ ఈ దారి ఉంది, ఫీజు లేదు. ఇప్పించగలిగేది 50 లక్షల వరకే. అంతకు మించితే వినియోగదారుల కమిషనో కోర్టో.