ఒక్క నాణెం దొరికిందని గొలుసు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా. జేకేపూర్ దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. వయసు 38. ఇంటి ఖర్చు 18 వేలు పోను నెలకు 7 వేలు మిగులుతాయి. బ్యాంకులో 15 వేలున్నాయి. ఆ మధ్య గల్లాపెట్టెలో ముద్ర పక్కకు జరిగిన 5 రూపాయల నాణెం దొరికింది. ఇలాంటి వాటికి లక్షలిస్తారని వీడియోల్లో చూశాను. తెలిసినాయన దగ్గర ఇలాంటి తప్పు నాణేలు 12 ఉన్నాయట, 80 వేలకు ఇస్తానంటున్నాడు. నా భార్య గొలుసు తాకట్టు పెడితే 60 వేలొస్తాయి. మిగతా 20 వేలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తాను. కొనమంటారా? అన్నిటి ఫొటోలూ పంపుతున్నాను.

జవాబు: వద్దు. గొలుసు బీరువాలోంచి బయటికి తీయకండి.

మీరు మోసపోయే మనిషిలా నాకు అనిపించలేదు. మీకు దొరికిన నాణెం నిజంగానే టంకశాలలో జరిగిన పొరపాటులా ఉంది. చిక్కంతా అక్కడే మొదలైంది. ఒకటి నిజమైనది చేతిలో పడేసరికి ఎదుటివాడు చూపించే పన్నెండూ నిజమేననిపిస్తాయి. ఇలా ఒక్క లాభం చూసి అప్పుకు వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబిస్తున్నాను.

నాణేలు పోగుచేసే అలవాటు నాకూ ఉంది కాబట్టి ఫొటోలు జాగ్రత్తగా చూశాను. మీ 5 రూపాయల నాణెం మీద ఒకవైపు నెలవంకలా ఖాళీ ఉంది, దానికి ఎదురుగా అక్షరాలు అంచు దాటి తెగిపోయాయి. తిప్పి చూస్తే రెండోవైపూ ముద్ర ఆ మేరకే జరిగి ఉంది. బిళ్ల, అంటే ఇంకా ముద్ర పడని లోహపు ముక్క, ముద్ర వేసే రెండు అచ్చుల మధ్య సరిగ్గా కూర్చోకుండానే దెబ్బ పడితే ఇలా వస్తుంది. ఖాళీ చోట గీతలు లేవు, రాపిడి లేదు.

ఆ పన్నెండింటి సంగతి వేరు. అంచు కొరికినట్టున్నవి నాలుగున్నాయి. బిళ్లలు కత్తిరించేటప్పుడే ముక్క పోయి ఉంటే, కోతకు సరిగ్గా ఎదురుగా ఉండే అంచు కూడా చాలాసార్లు బలహీనంగా, పల్చగా దిగుతుంది. వీటిలో ఆ అంచు నిండుగా, పదునుగా ఉంది. పైగా కోత మీద ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి. మధ్యముక్క లేని 10 రూపాయల నాణేలు రెండు. అచ్చు దెబ్బ పడేటప్పటికే మధ్యముక్క లేకపోతే పసుపు వలయంలోని లోహం లోపలికి సాగి, రంధ్రం అంచు ఒరిగిపోతుంది. వీటి లోపలి గోడ నిటారుగా ఉంది. అంటే ముద్ర పడ్డాక ఎవరో మధ్యముక్కను కొట్టి ఊడదీశారు. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోతుగా పడ్డవి మూడు. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుపోతే తర్వాతి బిళ్ల మీద అలాంటి ముద్ర పడుతుంది. నిజమే, దానికి విలువ కూడా ఉంటుంది. కానీ వీటిలో తిరగబడ్డ బొమ్మ కింద అసలు బొమ్మ ఇంకా కనిపిస్తోంది, వెనకవైపు నలిగిపోయి ఉంది. రెండు నాణేలు కలిపి బెంచ్ వైస్‌లో, అంటే వర్క్‌షాపుల్లో వస్తువుల్ని పట్టి నొక్కే బిగింపులో, బిగించిన పని అది. మిగిలిన మూడూ రైలు పట్టాల మీద సాగినవి. మన పిల్లలు చేసే పనే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. అచ్చు పగిలితే నాణెం మీద గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. గీసుకుపోతే లోతుగా పడి, పక్కన లోహం లేచి ఉంటుంది. మామూలు భూతద్దంతో చూసినా తేడా తెలుస్తుంది.

పోనీ, పన్నెండూ అసలైనవే అనుకుందాం. అప్పుడైనా నా జవాబు ఇదే. ఆపదకు ఆర్నెల్ల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. మీ ఇంటికి అది 1,08,000. మీకున్నది 15 వేలు. రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే విశాఖపట్నం తీసుకెళ్లాల్సి వస్తుందని మీకు చెప్పక్కర్లేదు. పార్వతీపురం దాటేలోపే డబ్బు కావాలి. అప్పుడు నాణేలు కొనేవాణ్ని ఎక్కడ వెతుకుతారు? కొట్టు పది రోజులు మూతపడితే పాలవాడికీ, పిండిమరకూ నాణేలిస్తారా? అప్పటికి మీ చేతిలో మిగిలే ఆఖరి ఆధారం ఆ గొలుసే. దాన్ని ముందే తాకట్టులో పెట్టేస్తే ఇక ఏ దారీ ఉండదు. నూటికి 3 రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 20 వేలకు నెలకు 600 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అమ్ముడుపోతుందో లేదో తెలియని సరుకు కోసం ఆ వడ్డీకి అప్పు చేయడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఈ మాట కటువుగానే అంటున్నాను.

మిగిలే 7 వేలల్లో 6 వేలు విడిగా ఇంకో ఖాతాలో వేయండి. ఉన్న 15 వేలతో కలిపి పదహారు నెలల్లో ఆర్నెల్ల నిధి తయారవుతుంది. అది నిండేదాకా మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్‌లూ, చిట్టీలూ వద్దు. మిగతా వెయ్యిలోంచి ఏడాదికి 436 రూపాయలు కట్టి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి అనే జీవిత బీమా, 20 రూపాయలు కట్టి సురక్షా బీమా అనే ప్రమాద బీమా తీసుకోండి. నిధి నిండాక టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా) గురించి రాయండి, చెబుతాను.

మీ నాణేనికి ఫోన్లో ఎవరైనా లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజో, కమిషనో, పన్నో కట్టమంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా డబ్బు అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఆ ఒక్క నాణేన్ని మాత్రం చింతపండుతో తోమకండి, బ్రాసో రాయకండి. మెరిస్తే విలువ పోతుంది. ఉన్నదున్నట్టు కాగితపు కవర్లో పెట్టి, విశాఖ వెళ్లినప్పుడు నాణేలు సేకరించేవాళ్లకు చూపించండి. వందల్లో వస్తుంది, మహా అయితే కొద్ది వేలు. వచ్చింది ఆ కొత్త ఖాతాలోనే వేయండి.