కప్పుతో 'తూచడం' ఏంది?

సందేహం: మైసూర్‌పాకు వీడియోలో ఒకామె 'శనగపిండి ఒక కప్పు తూచుకోండి' అనింది. తప్పు, 'కొలుచుకోండి' అనాల అంటుంది మా అమ్మ. ఏది రైటు? కప్పు బదులు సోల అని రాయొచ్చా? – ఒక పాఠకురాలు, ఆదోని

సమాధానం: మీ అమ్మదే రైటమ్మా. కప్పుతో కొలుస్తాం, కాటా మీద తూస్తాం. మనకు రెండు పనులకు రెండు మాటలుంటే ఇప్పుడు వంట చెప్పేవాళ్ళు రెండిటినీ కలిపి 'మెజర్ చేసుకోండి' అనేస్తున్నారు, లేకుంటే ఇట్లా ఒకదాని చోట ఇంకొకటి పెడుతున్నారు, వింటుంటే నాకు బాధేస్తుంది.

తూచు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పాలు కాగుతాయి, మనం కాస్తాం. అట్లే సరుకు తూగుతుంది, మనం తూస్తాం. తూగడమంటే ఊగడం కూడా. కునికిపాట్లు పడేవాణ్ణి తూగుతున్నాడు అంటాం, తూగుటుయ్యాల అంటాం. మీ ఆదోని దాటి బళ్ళారి పోతే కన్నడంలో తొట్టెల ఊపడానికీ తూగు అనే అంటారు, బరువు చూడటానికీ అదే మాట. తమిళంలో తూంగు అంటే వేలాడటం, నిద్రపోవడం, తూక్కు అంటే ఎత్తడం, తూచడం. సంతలో చింతపండు అమ్మే అవ్వ తక్కెడ ఎత్తి పట్టుకున్నప్పుడు చూడండి, రెండు చిప్పలూ ఊగి ఊగి, ముల్లు అటూ ఇటూ ఆడి, నిదానంగా నడుమకొచ్చి నిలబడుతుంది, అప్పుడు గానీ అవ్వ 'సరిపాయె' అనదు. తూకం అంటే నా కంటికి కనిపించేది ఆ ఊగడమే. సరితూగడం, 'వానికి వీడు తూగడు' అనడం కూడా అక్కడివే. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటా ఊగదు కదా అంటారేమో, ఊగకపోయినా అది చెప్పేది బరువే. కప్పు బరువు చెప్పదు, తనలో ఎంత పట్టిందో అంతే చెప్తుంది.

కొలుచు అంటే అదే, పాత్రకు పట్టినంత. కల్లంలో రాశి కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా 'లాభం' అని, ఆ తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్ళు. సేవించడం అనే అర్థం కూడా ఉంది గానీ దాంతో ఇక్కడ పనిలేదు.

వంటలో ఈ తేడా మాటతో పోదు. 240 మిల్లీలీటర్ల కప్పులో నీళ్ళు 240 గ్రాములు తూగితే, చక్కెర 200 దాకా, మైదా 120, 125 అట్లా తూగుతుంది, అదిమి నింపితే ఇంకా ఎక్కువ.

గందరగోళంలో మన సేరుకూ వాటా ఉంది, అది కొలతలోనూ ఉంది, తూకంలోనూ ఉంది. తూకంలో మద్రాసు సేరు 24 తులాలు, సుమారు 280 గ్రాములు, పక్కా సేరేమో 80 తులాలు, సుమారు 933. 'సేరు కొలువు' అన్నారా 'సేరు తూయి' అన్నారా అనేదాన్ని బట్టే డబ్బా తీయాల్నా తక్కెడ తీయాల్నా తెలిసేది.

ఇక సోల. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మంచి మాట, రాయండి. అయితే మానిక అన్ని ఊర్లలో ఒకటే సైజు కాదు, మానిక మారితే సోల కూడా మారుతుంది, కాబట్టి పక్కనే ఎన్ని మిల్లీలీటర్లో వేయండి. కప్పు అనే ఉంచుతానన్నా నేను తప్పుపట్టను.