ముందు ఎండ చూడు, తరవాత మొక్క కొను

శ్రీకాకుళం,
ధనుర్మాసం, ఆదివారం.

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను నోరు విప్పేలోపే చంటిది లేచి ఏడుపు అందుకుంది, నువ్వు పెట్టేశావు. సంక్రాంతికి మీ అత్తవారి వైపు వాళ్ళంతా వస్తున్నారు, ఇల్లు బోసిగా ఉంది, పొద్దున్న మంచు, సాయంత్రం ఐదున్నరకే మసక చీకటి, తలుపులన్నీ మూసుకుని కూర్చుంటే ఇంట్లో ముక్కిన వాసన వస్తోంది, నాలుగు మొక్కలు తెచ్చుకుంటాను, ఏవి తెమ్మంటావు అన్నావు. ఇది రెండు మాటల్లో తెమిలేది కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అమ్మలూ, ముందు నర్సరీకి వెళ్ళకు. అక్కడ షేడ్ నెట్ కింద అన్నీ అందంగానే ఉంటాయి. ముందు మీ ఇంట్లో ఎండ ఎక్కడ పడుతోందో చూడు.

అరసవల్లి గుడిలో పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకేది ఏడాదికి రెండుసార్లే కదా, మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి. నీ చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని చీకటితోనే వెళ్ళి లైన్లో నిలబడ్డాను. ఆ రెండు వేళల్లో సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోటి నుంచి పైకొస్తాడు. మిగతా రోజుల్లో ఉత్తరానికో దక్షిణానికో జరిగిపోతాడు. మీ విజయనగరం ఫ్లాట్ కిటికీకీ అదే లెక్క. డిసెంబరు ఆఖరున మన వైపు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఆగుతాడు. అందుకే మీ హాలు బాల్కనీ దక్షిణానికి ఉండడం ఈ రెండు నెలలూ నీ అదృష్టం. ఎండ ఏటవాలుగా బాల్కనీ దాటి హాల్లోకి వచ్చేస్తుంది. అదే మే రెండో వారం దాటితే జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. ఆ బాల్కనీలో అప్పుడు వెలుతురే తప్ప నేరుగా ఎండ ఉండదు. ఇప్పుడు ఎండ తగిలే చోట పెట్టిన మొక్క వేసవిలో అక్కడే ఉండిపోతే కుదరదు, అప్పుడు చోటు మార్చుకోవాలి.

ఒక పని చెయ్యి. మబ్బు లేని రోజు పన్నెండు గంటలకి హాల్లో ఎండ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గచ్చు మీద ముగ్గుపిండితో గీత గియ్యి. తరవాత ఒక తెల్లకాగితం పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికి వెళ్ళు. కాగితానికి జానెడు పైన నీ అరచెయ్యి పెట్టు. నీడలో వేళ్ళు విడివిడిగా కనబడితే అది మంచి వెలుతురు. అలికినట్టు కనబడితే మధ్యస్థం. నీడే పడకపోతే ఆ మూల మొక్కకి చీకటి గది కింద లెక్క, మన కంటికి ఎంత వెలుగుగా తోచినా సరే.

ఇక ఆ గీతకి లోపల, ఎండ తగిలే చోట, ఇంటికి కళ తెచ్చేది కలంచో. మన రణపాలకి చుట్టమే. ఆకు అలాగే దళసరిగా ఉంటుంది. పైన గుత్తులు గుత్తులుగా చిన్న పూలు, ఎరుపు, పసుపు, నారింజ, గులాబీ. డిసెంబరులో నర్సరీలన్నిటా ఉంటుంది. పూసినవాటికంటే మొగ్గలు ఎక్కువ ఉన్న కుండీ ఎంచుకో, పండగ దాటినా పూస్తూ ఉంటుంది. దీని స్వభావం ఒకటి తెలుసుకో. రాత్రి పొడుగ్గా, చీకటి చిక్కగా ఉంటేనే ఇది కొత్త మొగ్గ వేస్తుంది. చామంతిదీ అదే పద్ధతి, మనకి చలికాలంలోనే చామంతి విరగబూయడానికి కారణం ఇదే. పదకొండింటి దాకా ట్యూబ్‌లైటు వెలిగే హాల్లో పెట్టి, మళ్ళీ పూయడం లేదని తిట్టుకుంటే లాభం లేదు. రాత్రిళ్ళు హాలు వెలుతురు పడని బాల్కనీ మూలకి జరిపెయ్యి. చామంతి కుండీలైతే నాలుగు కొని బాల్కనీలోనే ఉంచు. పండగ మూడు రోజులూ రెండేసి చొప్పున లోపలికి తెచ్చి మారుస్తూ ఉండు.

గీత దాటి మూడు నాలుగడుగుల అవతల, ఎండ తగలదు గానీ వెలుతురు బాగా ఉంటుంది. అక్కడ ఎర్ర అగ్లోనిమా పెట్టు. పువ్వు అక్కర్లేకుండా ఆకులతోనే ఇంటికి రంగు తెస్తుంది. మరీ చీకట్లో పెడితే ఆ ఎరుపు వెలిసిపోయి పచ్చబడుతుంది. మీ ఉత్తరం పడగ్గదికి స్నేక్ ప్లాంట్ ఒక్కటి చాలు. వంటింటి తూర్పు కిటికీలో తమలపాకు తీగ, వామాకు. పొద్దుటి ఎండ వాటికి సరిపోతుంది. చలికి చంటిదానికి ముక్కు కారిందంటే వామాకు ఎలాగూ నువ్వు వెతుక్కునేదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చంటిది పాకుతోంది, ఏది దొరికితే అది నోట్లో పెడుతోంది. మనీ ప్లాంట్, అగ్లోనిమా, పీస్ లిల్లీ, సింగోనియం, డిఫెన్‌బేకియా, జెడ్‌జెడ్ ప్లాంట్, ఇవన్నీ మన చేమదుంప కుటుంబమే. పచ్చి చేమాకు తగిలితే నాలుక, గొంతు ఎలా దురద పెడతాయో నీకు తెలుసు. ఆ ఆకుల్లోనూ అలాంటి కాల్షియం ఆక్సలేట్ సూదులే ఉంటాయి. పిల్ల కొరికితే నోరు మండి వాచిపోతుంది. కలంచో, స్నేక్ ప్లాంట్ కూడా నోట్లోకి వెళ్ళకూడనివే. వీటిని పిల్ల చెయ్యి అందని ఎత్తులో, లాగితే పడిపోని చోట పెట్టు. కిందకి వేలాడే మనీ ప్లాంట్ తీగ ఇంకా ప్రమాదం, లాగితే కుండీతో సహా మీద పడుతుంది. నేల మీద ఏదైనా పెట్టాలనిపిస్తే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ పెట్టుకో. వాటిలో విషం లేదు. అయితే బరువైన కుండీలోనే పెట్టు, పిల్ల పట్టుకుని లేవడానికి చూస్తుంది.

గాలి సంగతి. మొక్కలు గాలిని కడిగేస్తాయని అల్లుడుగారు ఎక్కడో చదివారన్నావు. ఆ మాట 1989లో నాసా కోసం చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. అది బిగించి మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. మనుషులు తిరిగే, తలుపులు తీసే ఇంట్లో అంత ఫలితం రాదు. అలాంటి ప్రయోగాలన్నిటినీ లెక్కగట్టి 2019లో ఒక సమీక్ష వచ్చింది. కిటికీల్లోంచి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. ఇక మనుషులెక్కడ కూర్చుంటారు? స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందన్న మాటా సరికాదు. అది రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి దాచుకుంటుంది, అంతే. ఆక్సిజన్ వదిలేది పగలు, వెలుతురులోనే. రాత్రి గదిలో మొక్క ఉంటే పిల్లకి మంచిది కాదని మీ అత్తగారు అంటే భయపడకు, ఒకటి రెండు కుండీలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాని ముందు ఏ మూలకీ రాదు. ఇంట్లో ఆ వాసన పోవాలంటే మంచు విడిచాక, పదింటి నుంచి నాలుగింటి దాకా ఎదురెదురు కిటికీలు తీసిపెట్టు. పరిమళం కావాలంటే బాల్కనీ ఎండలో ఒక మరువం కుండీ పెట్టుకో. అటు వెళ్ళినప్పుడల్లా చేత్తో ఒకసారి నిమిరితే చాలు.

నీళ్ళ దగ్గరే అందరం చెడగొడతాం. నేనూ చెడగొట్టాను. రిటైరైన ఏడాది చలికాలంలో మీ అమ్మమ్మ వాడిన బుడితి ఇత్తడి గుండిగ అటక మీంచి దించి, చింతపండుతో తోమి, తళతళలాడుతుంటే అందులోనే మట్టి నింపి స్నేక్ ప్లాంట్ పెట్టాను. అడుగున చిల్లు లేదు. పొద్దున్నే తులసికి పోసే చేత్తోనే దానికీ ఒక చెంబు పోసేదాన్ని. మూడు వారాలు పైకి బాగానే ఉంది. తరవాత ఒక రోజు దుమ్ము తుడుద్దామని నడిమి ఆకు పట్టుకుంటే, వెన్నలోంచి చెంచా తీసినట్టు చేతిలోకి వచ్చేసింది. ఆకు మొదలు గోధుమరంగులో, జారుగా, కుళ్ళిన ఉల్లిపాయ వాసన. గుండిగ వంచితే నల్లటి నీళ్ళు కారాయి. ఆ ముద్దలో ఒక్క తెల్ల వేరు లేదు. అమ్మ గుండిగలో పెట్టి చంపుకున్నానే అని ఆ రోజు అన్నం సహించలేదు. ఆ గుండిగలో ఇప్పుడూ మొక్క ఉంది, కానీ చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో పెట్టి, దాన్ని గుండిగలోకి దించాను. నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, కారడం ఆగాక మళ్ళీ దింపుతాను.

చలికాలంలో పగలు పదకొండు గంటలే. ఎదుగుదల మందగిస్తుంది, మట్టి త్వరగా ఆరదు. అందుకని రోజు లెక్క పెట్టుకోకు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడు. చల్లగా తడి తగిలితే పొయ్యకు. మనీ ప్లాంట్‌కి సుమారు వారం పది రోజులకోసారి, స్నేక్ ప్లాంట్‌కి మూడు వారాలకోసారి అవసరం పడుతుంది. పీస్ లిల్లీ అయితే అదే చెబుతుంది, ఆకులన్నీ వాల్చేస్తుంది. నీళ్ళు పోశావంటే పూట తిరిగేసరికి లేచి నిలబడుతుంది. బోరు నీళ్ళ వల్ల కుండీ అంచున తెల్ల పొర కడితే, ఆకుల కొసలు మాడితే, పట్టిపెట్టుకున్న వాననీళ్ళు ఉంటే అవి వాడు. సీసాలో పెంచే మనీ ప్లాంట్ నీళ్ళు వారానికోసారి తప్పకుండా పారబోసి మార్చు. కుండీల కింద పళ్ళేల్లోనూ నీరు నిలవనివ్వకు. డెంగీ దోమ అలాంటి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది.

గెత్తం, ఎరువు ఇప్పుడేమీ వెయ్యకు. రథసప్తమి దాటాక చిగురు కదిలినప్పుడు గుప్పెడు చివికిన గెత్తం చాలు. వారానికోసారి తడిగుడ్డతో ఆకుల రెండు వైపులా తుడువు. భోగి మంటల మర్నాడు తప్పకుండా తుడవాలి, బూడిద పొర ఆకుల మీద కూర్చుంటే అందే కాస్త వెలుతురూ అందదు.

కొనేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి, కాడ మొదట్లో చూడు. దూదిపింజల్లా తెల్లగా ఉంటే అది పిండినల్లి, ఆ కుండీ వద్దు. ఒక్కటి ఇంటికి వస్తే అన్నిటికీ అంటుకుంటుంది. మన వైపు నర్సరీలకి చాలా మొక్కలు కడియం నుంచి వస్తాయి. అంత దూరం వ్యాన్‌లో వచ్చి, చోటు మారి, మొదటి రెండు వారాల్లో ఒకటి రెండు ఆకులు పండి రాలతాయి. కంగారుపడి కుండీ మార్చకు, నీళ్ళు పెంచకు. వేరు చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటే మాఘంలో నేనొచ్చి మారుస్తాను. దానికి కొబ్బరిపొట్టు ఉద్దానం నుంచి తెప్పించి, ఉప్పు పోయేలా మూడు నీళ్ళు కడిగి ఆరబెట్టాను.

పండగ చామంతులు కాకుండా, మొదటిసారికి నాలుగు కుండీలు దాటకు. నీకు చంటిపిల్ల ఉంది, అన్నీ ఒక్కసారి మీదేసుకుంటే మొక్కలూ చెడతాయి, నువ్వూ అలిసిపోతావు.

వామాకు కొమ్మలు రెండు, తమలపాకు కణుపులు మూడు తడిగుడ్డలో చుట్టి ఉంచాను. గురువారం మీ బాబాయి విజయనగరం వస్తున్నాడు. పదిన్నరకల్లా బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఉంటాడు, అల్లుడుగారిని పంపించు. ఈలోపు ముగ్గుపిండి గీత గీసి ఫొటో తీసి పెట్టు. గీత బాల్కనీ గుమ్మం దగ్గరే ఆగిపోతే కలంచో కుండీ ఒక్కటే తెచ్చుకో, రెండో కలంచో వద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ