గొడ్డు ఈగలతో తోటకు కాపలా

ప్రశ్న: మేడమ్ గారూ, మాకు నూజివీడు దగ్గర ఆరెకరాల బంగినపల్లి తోట ఉంది. పోయిన వేసవిలో పండు ఈగ దెబ్బకు కాయను సగం ధరకే అడిగారు. ఈగలకు రేడియేషన్ పెట్టి వదిలితే పురుగు పోతుందని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెబుతున్నాడు. పురుగును చంపాల్సింది పోయి, పెంచి వదలడమేమిటండీ? ఆ ఈగ వాలిన పండు తింటే మనకేమీ కాదా? మా తోట వరకు తెప్పించుకోవచ్చా?
– ఒక మామిడి రైతు, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించుకుని ఇంటికొచ్చినవాళ్ల ఒంట్లో ఎక్స్‌రే మిగిలి ఉండదు కదా, ఇదీ అంతే. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే గామా కిరణాలు ఈగలోంచి దూసుకుపోతాయి, దాంట్లో తిష్ఠ వేయవు. పండుకు అంటేదేమీ లేదు.

చంపడం మాటకొస్తే, మొన్న వేసవిలో మా ఇంట్లో జరిగింది చెప్తాను. సత్యనారాయణపురంలో బండి మీద డజను బంగినపల్లి కొన్నాను. ఒక పండుకు తొడిమ దగ్గర గుండుసూది గుచ్చినంత మచ్చ, అంతే. కోస్తే టెంక చుట్టూ కండ నీరుగారిపోయి తెల్లటి పురుగులు. అందులో ఒకటి విల్లులా వంగి, టక్కున పళ్లెం అంచు దాటి గెంతింది. మా మనవరాలు కెవ్వుమంది. నాదేమో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన బుద్ధి, మళ్లీ ఎప్పుడు గెంతుతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఆ సూది మచ్చే తల్లి ఈగ గుడ్లు పెట్టిన చోటు. పురుగు పెరిగేది పండు లోపల, ప్యూపాగా, అంటే ఈగ అయ్యేముందు కదలకుండా ఉండే గూటి దశగా, మారేది మట్టిలో. మనం కొట్టే మందు పడేదేమో తొక్క మీద!

అందుకే వేరే దారి వెతికారు. అమెరికాలో ఎడ్వర్డ్ నిప్లింగ్ అనే శాస్త్రవేత్త ఆలోచన ఇది. పశువుల పుండ్లలో పురుగులు పెట్టే ఒక రకం ఈగ మీద 1954లో కురసావ్ దీవిలో చేసి చూపించారు. ప్యూపాలోంచి ఈగ బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు కిరణాలు పెడతారు. పండు ఈగలకైతే సుమారు 100 గ్రే (ఒంటికి పట్టిన కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం ఇది). మనిషి ఒంటి మీద ఒకేసారి 5 గ్రే పడినా ప్రాణం మీదికొస్తుంది. ఈగ తట్టుకుంటుంది, ఎందుకంటే ఆపాటికి దాని ఒళ్లు దాదాపు తయారైపోయి, కణాలు విభజన చెందడం ఆగిపోయి ఉంటుంది. వీర్యకణాలు పుట్టే చోట మాత్రం పని జరుగుతూనే ఉంటుంది, దెబ్బంతా అక్కడే. ఆ మగ ఈగ మామూలుగానే ఎగురుతుంది, జతకడుతుంది, దానితో జతకట్టిన ఆడ ఈగ పెట్టే గుడ్లు మాత్రం పిల్లలవ్వవు, అలా ఈగల సంతతి తగ్గిపోతుంది. గొడ్డు ఈగ అన్నమాట. (ఈ మాట ఆడవాళ్ల మీద వాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఈగలకైతే అభ్యంతరం లేదు.)

మన కాకర, దోస పాదులను పాడుచేసే ఈగే జపాన్‌లోని ఒకినావా దీవుల్లోనూ ఉండేది. దాని మూలంగా అక్కడి కాకరకాయను జపాన్ ప్రధాన భూభాగానికి పంపనిచ్చేవారు కాదు. 1972లో కుమే అనే చిన్న దీవిలో పని మొదలుపెట్టి, ఫ్యాక్టరీలో ఈగలను పెంచి, హెలికాప్టర్లతో కూడా చల్లి, 1993కల్లా దీవులన్నిటిలో దాన్ని లేకుండా చేశారు. ఇరవై ఏళ్లు పట్టింది చూడండి.

ఇక మీ ఆరెకరాలు. లాభం లేదండీ. పక్క తోటలో అప్పటికే జతకట్టిన ఆడ ఈగ మీ గట్టు దాటి వచ్చి మీ కాయనే గుచ్చుతుంది, దానికి మీ గొడ్డు ఈగతో పనేముంది? ఈ పద్ధతి ప్రాంతమంతా ఒకేసారి, వారం వారం, ఏళ్ల తరబడి చేయాల్సిందే. పైగా తోటల్లో మామూలుగా ఉండే ఈగ కంటే గొడ్డు ఈగ ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి కాబట్టి, ఈ పద్ధతి చేసేవాళ్లు కూడా ముందు ఉన్న ఈగను తగ్గించుకుని గానీ వదలరు. ఆ మొదటి సగం మీ చేతిలో ఉంది. రాలిన కాయలను రోజూ ఏరి పాలిథిన్ సంచిలో వేసి, మూతికట్టి ఎండలో పడేయండి. చెట్టు కింద కుళ్లనిచ్చారంటే పురుగు మట్టిలోకి దిగిపోతుంది. కాయ పక్వానికి రాకముందే ఎకరానికి నాలుగైదు మిథైల్ యూజినాల్ (మగ ఈగలను లాగే వాసన మందు) బుట్టలు కట్టండి, మగ ఈగలు వచ్చి పడతాయి. గట్టు అవతలి ఆసామితో కూడా కట్టించండి, అసలు కష్టం అదే అనుకోండి. రేపెప్పుడైనా మన వైపు గొడ్డు ఈగలు వదిలినా, ముందు ఆ బుట్టలు తీసేయాలి. లేకపోతే అంత ఖర్చుపెట్టి పెంచిన మగ ఈగలూ అందులోనే పడి చస్తాయి.

ప్రశ్న: అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు కూడా పండు ఈగలేనా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదమ్మా, అవి డ్రోసోఫిలా. మగ్గి పులిసిన పండు వాసనకు వస్తాయి, మంచి కాయ జోలికి పోవు. అయితే పై కథ మొదలైంది వీటితోనే. 1927లో హెర్మన్ ముల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎక్స్‌రే కిరణాలతో వీటి జన్యువులు మారతాయని చూపించాడు, 1946లో నోబెల్ అందుకున్నాడు. మా కాలేజీలో పాలసీసాల్లో రవ్వ, బెల్లం ఉడకబోసి పెంచేవాళ్లం. మీకు పెంచే ఉద్దేశం లేదు కాబట్టి, గ్లాసులో కాస్త వెనిగర్ పోసి చుక్క గిన్నెల సబ్బు కలిపి పండ్ల బుట్ట పక్కన పెట్టండి. సింకు జాలీ కింద చిక్కుకున్న తొక్కలు కూడా ఓసారి చూసుకోండి.