కెరటం ముందు, కయ్యం తర్వాత

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెడీనా, జపాన్ సర్ఫర్ కనోవా ఇగరాషిల వైరం మీద రాసింది ఎక్కడా ఆగకుండా చదివించింది, ఒప్పుకుంటాను. ‘ఇగరాషిపై పగ తీర్చుకున్న మెడీనా’ అన్న హెడ్డింగు చూస్తే ఏ వెబ్‌సైటు వాళ్లయినా ఎగిరి గంతేస్తారు. కానీ నువ్వు అభిప్రాయం అడిగావు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: సర్ఫింగ్ అంటే బోర్డు మీద నిలబడి కెరటాలెక్కే ఆట, దాని గురించిన అంత పెద్ద వ్యాసంలో నీటి చుక్క లేదు. వీడు ఇలా అన్నాడు, వాడు అలా అన్నాడు, ఫ్యాన్స్ మండిపడ్డారు, అంతే. కెరటం ఏది?

ఈ వైరం ఎక్కడ మొదలైందో తెలుసుగా. టోక్యో ఒలింపిక్స్, 2021 జూలై, త్సురిగసాకి బీచ్. సర్ఫింగ్‌ను ఒలింపిక్స్‌లోకి తీసుకోవడం అదే మొదటిసారి. సెమీఫైనల్లో మెడీనాకు 16.76, ఇగరాషికి 17.00. తేడా 0.24. చివరి నిమిషాల్లో ఇగరాషి గాల్లోకి లేచి తిరిగి దిగిన ఒక్క కెరటానికి జడ్జీలు 9.33 ఇచ్చారు. బ్రెజిల్ అభిమానులకు అది మింగుడుపడలేదు. సోషల్ మీడియాలో అతని మీద పడిపోయారు. అతనూ ఊరుకోలేదు. జపాన్ తల్లిదండ్రులకు పుట్టి కాలిఫోర్నియాలో పెరిగినవాడు, పోర్చుగీసు బాగా వచ్చు. వాళ్ల భాషలోనే వాళ్లను ఏడిపిస్తూ ట్వీట్ పెట్టాడు. ఇంతవరకూ నువ్వూ రాశావు.

నువ్వు రాయనిది ఆ 0.24 ఎలా వచ్చిందో. అయిదుగురు జడ్జీలుంటారు. ఒక్కో కెరటానికి పదికి మార్కులేస్తారు. అన్నింటికంటే ఎక్కువది, అన్నింటికంటే తక్కువది తీసేసి మిగతా మూడింటికి సగటు కడతారు. సర్ఫర్ ఎన్ని కెరటాలు ఎక్కినా చివరికి మంచివి రెండే లెక్క. అంటే ఆ ఇద్దరి మధ్య తేడా ఇద్దరు జడ్జీల చేతిలో అర మార్కు అటో ఇటో అయితే చెరిగిపోయేది. ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి ఉంటే ఫ్యాన్స్‌కు అంత కోపం ఎందుకొచ్చిందో చదివేవాడికి దానంతటదే అర్థమయ్యేది. ‘నిప్పులు చెరిగారు’ అని నువ్వు అరవాల్సిన పని తప్పేది. అన్నట్టు, ఆ ట్వీట్ అభిమానులకు, మెడీనాకు కాదు. నీ వ్యాసంలో మాత్రం అది మెడీనా మీద వేసిన బాణం అయిపోయింది.

మూడేళ్ల తర్వాత పారిస్ ఒలింపిక్స్. పేరుకే పారిస్, సర్ఫింగ్ జరిగింది అక్కడికి దాదాపు 15,700 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్‌లో ఫ్రాన్స్ అధీనంలో ఉన్న తాహితీ దీవిలోని టియాహుపోలో. కిందంతా పగడపు దిబ్బ, దాని మీద నీళ్లు చాలా పలచన. పడితే ఒళ్లు చీరుకుపోతుంది. 2024 జూలై 29న మూడో రౌండ్లో డ్రా ఈ ఇద్దరినీ మళ్లీ ఎదురుబొదురు నిలబెట్టింది. మెడీనా 9.90 కొట్టాడు, ఒలింపిక్ సర్ఫింగ్‌లో అప్పటికి అంత స్కోరు ఎవరికీ రాలేదు. మొత్తం 17.40, ఇగరాషికి 7.04. ఆ కెరటం దిగిన క్షణంలోనే ఏఎఫ్‌పీ వార్తా సంస్థ ఫొటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది: మెడీనా గాల్లో నిలువుగా నిలబడి ఒక వేలు ఆకాశానికి చూపిస్తుంటాడు, పక్కనే కాలికి తాడుతో కట్టిన బోర్డు కూడా నిలువుగా, అతనితో సమానంగా.

నువ్వు ‘ఆ ఫొటో చూసి ఇంటర్నెట్ ఊగిపోయింది’ అని దాటేశావు. ఆ ఫొటో ఎలా పుట్టిందో అడగవేం? బ్రూయే పడవలో ఉన్నాడు, కెరటానికి వెనక వైపు. సర్ఫర్ కెరటం ముందుకు చుట్టుకుని చేసే సొరంగంలో ఉన్నంతసేపూ అతనికి కనబడడు. ఎక్కడినుంచి బయటకొస్తాడో ఊహించి కెమెరా ఎత్తిపట్టుకుని కాచుకోవాలి. నొక్కింది నాలుగు ఫ్రేములే, అందులో ఒకటి ఇది. ఇగరాషితో గొడవ నాలుగు పేరాలు రాసేకంటే ఈ పడవ గురించి ఒక పేరా రాస్తే నీ వ్యాసానికి బలం వచ్చేది.

ఇంకా పెద్ద సంగతి వదిలేశావు. ఆ ఫొటోలోని మనిషికి బంగారం రాలేదు. సెమీస్‌లో ఆస్ట్రేలియా సర్ఫర్ జాక్ రాబిన్సన్ మీద ఆడుతుంటే సముద్రం చల్లబడిపోయింది. మెడీనాకు ఎక్కడానికి దొరికింది ఒకే ఒక్క కెరటం. కంచుతో సరిపెట్టుకున్నాడు. బంగారం తాహితీ కుర్రాడు కౌలి వాస్త్‌కు వెళ్లింది. క్రికెట్లో బంతి ఎవరో ఒకరు వేస్తారు, ఇక్కడ వేసేది సముద్రం. ఇష్టం లేకపోతే వెయ్యదు. ఇది తెలియనివాడు సర్ఫర్ల వైరం గురించి ఏం రాసినా సగమే రాసినట్టు. మరి ‘పగ’ అన్న మాట ఎవరన్నారు? మెడీనా అన్నట్టు నీ వ్యాసంలో ఆధారం లేదు. హెడ్డింగు కోసం నువ్వు అన్నావు.

రూల్స్ చదువు. ఎవరూ చదవరు, అందుకే చదవమంటున్నాను. 2019 డిసెంబరులో హవాయిలోని పైప్‌లైన్ అనే సర్ఫింగ్ చోట ఇదే మెడీనా తన దేశంవాడే అయిన కైయో ఇబెల్లి మీద ఏం చేశాడో వెతికి చూడు. హీట్, అంటే ఇద్దరూ తలపడే ఆ విడత, ముగియడానికి క్షణాలే ఉన్నాయి. ఇబెల్లికి ప్రయారిటీ ఉంది, అంటే తర్వాతి కెరటం అతని హక్కు. అతను లేచాడు. మెడీనా కావాలనే అదే కెరటం మీద అడ్డంగా దిగాడు. శిక్షగా అతని రెండో స్కోరు ఎగిరిపోయింది, ఒక్క కెరటం మార్కులే మిగిలాయి. అయినా గెలిచాడు. ఎందుకంటే ఆ ఒక్కటీ ఇబెల్లి మొత్తం స్కోరు కంటే ఎక్కువని ముందే లెక్క వేసుకున్నాడు. మోసమా, తెలివా? వాదించుకున్నవాళ్లు వాదించుకున్నారు. నాకైతే అది తెలివే, కానీ చూడ్డానికి బాగోలేదు. నువ్వు వేరేగా అనుకోవచ్చు. ఏదనుకున్నా ఆ లెక్క చెప్పాకే అనుకో. ఆ పోటీ ఫైనల్లో మెడీనా ఇంకో బ్రెజిల్ సర్ఫర్ ఇటాలో ఫెరేరా చేతిలో ఓడాడు, ప్రపంచ టైటిల్ కూడా దాంతోపాటే పోయింది.

పరాచికాలకూ దాడికీ మధ్య గీత ఎక్కడుంది అని అడిగావు. దీనికి సూత్రం ఏదీ నా దగ్గర లేదు. ఒక సంగతి మాత్రం చెబుతాను. 2023 మేలో కాలిఫోర్నియాలోని లెమూర్‌లో సర్ఫ్ రాంచ్ పోటీ జరిగింది. అది సముద్రం కాదు, పొలాల మధ్య తవ్విన పెద్ద కొలను. కెరటాన్ని యంత్రం పుట్టిస్తుంది. దాన్ని కట్టించినవాడు సర్ఫింగ్ ప్రపంచ చాంపియన్ కెల్లీ స్లేటర్. ఫైనల్లో అమెరికా సర్ఫర్ గ్రిఫిన్ కొలాపింటో ఇటాలో ఫెరేరాను ఓడించాడు. మెడీనా, ఫెరేరా, ఫిలిపె తొలేడో, ముగ్గురు బ్రెజిల్ సర్ఫర్లూ జడ్జింగ్ మీద బాహాటంగా విమర్శలు పెట్టారు. విమర్శించే హక్కు వాళ్లకుంది, నీళ్లలో దిగినవాళ్లు కదా. కానీ ఆ పోస్టుల వెనకాలే గుంపు బయల్దేరింది. సర్ఫర్లకూ జడ్జీలకూ ఉద్యోగులకూ చంపుతామన్న బెదిరింపులు వచ్చాయని ఈ పోటీలు నడిపే వరల్డ్ సర్ఫ్ లీగ్ అప్పటి సీఈవో ఎరిక్ లోగన్ బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

అక్కడే ఎందుకు అంత రభస అయింది? నా లెక్క ఇది: సముద్రంలో ఓడితే ‘నాకు మంచి కెరటం పడలేదు’ అని సముద్రాన్ని తిట్టుకోవచ్చు. ఆ కొలనులో అందరికీ ఒకే కెరటం, ఒకే ఎత్తు, ఒకే పొడవు. తిట్టుకోవడానికి జడ్జి తప్ప ఎవరూ మిగల్లేదు. ఇలాంటి మాట నీ వ్యాసంలో ఒక్కటి ఉన్నా నేను మురిసిపోయేవాణ్ణి.

మన హీరోల ఫ్యాన్స్ గొడవల మధ్య పెరిగినదానివి, నీకు నేను విడమర్చి చెప్పేదేముంది. హీరోలిద్దరూ ఒకరి ఫంక్షన్‌కి ఒకరు వెళ్లి కౌగిలించుకుంటారు, బయట వీళ్లు ఒకరి కుటుంబాల్ని ఒకరు తిట్టుకుంటారు. ఆ తిట్లను ఆ ఇద్దరి వైరంలో భాగంగా రాయడమే మన వెబ్ మీడియా చేసే పెద్ద పాపం. మూడు కామెంట్లు ఏరుకొచ్చి ‘నెటిజన్లు ఫైర్’ అంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఒకరే కావచ్చు. నువ్వూ ఇగరాషి మీద వచ్చిన బూతుల్లో నాలుగు తర్జుమా చేసి పెట్టావు, ‘అభిమానుల ఆవేశం’ అని పేరు పెట్టి. అవి తీసెయ్. తిట్టారు అని చెబితే చాలు, తిట్టు మోసుకొచ్చి మన వాకిట్లో కుమ్మరించక్కర్లేదు.

ఇక ఆండీ ఐరన్స్ సంగతి. వైరం మీద రాసేవాళ్లు ఇది తెలుసుకుని తీరాలని నా పట్టుదల.

కెల్లీ స్లేటర్ ఫ్లోరిడావాడు, 20 ఏళ్లకే 1992లో ప్రపంచ చాంపియన్. అందగాడు, టీవీ సీరియల్లో వేషం కూడా వేశాడు, సినిమా తారలతో ఫొటోలు. 1998 తర్వాత కొంతకాలం తప్పుకుని 2002లో తిరిగొచ్చేసరికి హవాయిలోని కవాయ్ దీవినుంచి ఐరన్స్ వచ్చేశాడు. కోపం, గొంతు, దూకుడు. స్లేటర్ అందమైన ఇమేజ్‌ను నలిపేయాలన్నదే తనను నడిపిస్తోందని కెమెరా ముందే అనేశాడు. 2002, 2003, 2004 మూడు టైటిళ్లూ అతనివే. 2003లో అయితే పైప్‌లైన్‌లో చివరి పోటీ ఫైనల్ దాకా ఇద్దరూ నువ్వా నేనా అన్నట్టు వచ్చారు, ఐరన్స్ పోటీతోపాటు టైటిలూ ఎగరేసుకుపోయాడు. 2005, 2006లో స్లేటర్ తిరిగి లాక్కున్నాడు. ఒకరు క్విక్‌సిల్వర్ మనిషి, ఇంకొకరు బిల్లబాంగ్ మనిషి. ఆ వైరం ఎంత బాగా పండితే ఆ రెండు కంపెనీల చొక్కాలూ నిక్కర్లూ అంత బాగా అమ్ముడుపోయేవి. సర్ఫింగ్ పత్రికలు బతికిందీ ఆ కంపెనీల ప్రకటనల మీదే. దాంతో ఒకడు బుద్ధిమంతుడు, ఇంకొకడు రౌడీ అని పాత్రలు పంచేసి ఏళ్ల తరబడి అదే కథ నడిపారు.

ఆ రౌడీ పాత్ర వెనక మనిషి బైపోలార్ జబ్బుతోనూ మత్తు మందులతోనూ సతమతమవుతున్నాడని దగ్గరివాళ్లకు తెలుసు. ఎవరూ రాయలేదు. 2010 నవంబరు 2న, ప్యూర్టో రికోలో పోటీ వదిలేసి ఇంటికెళ్తూ, డాలస్ విమానాశ్రయం హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. 32 ఏళ్లు. మొదట డెంగ్యూ అని వార్తలొచ్చాయి. తర్వాతి ఏడాది బయటపెట్టిన శవపరీక్ష నివేదికలో గుండె రక్తనాళాల జబ్బు, దాంతోపాటు ఒంట్లో కలిసిన రకరకాల మందులు అని ఉంది. అతను పోయిన నాలుగు రోజులకే అదే ప్యూర్టో రికోలో స్లేటర్ పదో ప్రపంచ టైటిల్ గెలిచి దాన్ని ఐరన్స్‌కు అంకితమిచ్చాడు. అప్పటికే వాళ్లిద్దరూ ఒక డాక్యుమెంటరీ కోసం ఎదురెదురుగా కూర్చుని పాత గొడవలన్నీ మాట్లాడుకున్నారు కూడా. పత్రికలు మాత్రం అప్పటికీ ఆ వైరం పోస్టర్లే అమ్ముతూ ఉన్నాయి.

ఆ పత్రికలవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లలో చాలామంది అతనితో కలిసి సర్ఫింగ్ చేసినవాళ్లు, స్నేహితులు. అదే చిక్కు. జీతం ఆ కంపెనీ ప్రకటనలోంచి వస్తుంటే, పక్కన తాగేది ఆ మనిషితోనే అయితే, పెన్ను ఎలా కదులుతుంది? నీకు ఇంకా ఆ ఇబ్బంది లేదు, ఏ సర్ఫరూ నీకు తెలీదు. ఇప్పుడున్న ఈ స్వేచ్ఛ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, వాడుకో.

నువ్వుండేది విశాఖలో. రుషికొండకు పొద్దున్నే వెళ్లు. కెరటాల కోసం కాచుకున్న కుర్రాళ్లు ఒకరినొకరు ఏమని ఆటపట్టిస్తారో చెవి పెట్టి విను. వీలైతే చెన్నై దగ్గరి కోవళానికో మహాబలిపురానికో వెళ్లి రా, చార్జీలు నేనిస్తాను. 2025 ఆగస్టులో ఆసియా చాంపియన్‌షిప్ మహాబలిపురంలోనే జరిగింది, రమేశ్ బుడిహాళ్ కంచు పతకం తెచ్చాడు. మన దేశానికి ఆ పోటీలో వ్యక్తిగత పతకం అదే మొదటిది. మెడీనా మీద ప్రపంచమంతా రాస్తుంది. బుడిహాళ్‌తో పోటీపడి ఓడినవాళ్లు ఏమనుకున్నారో తెలుగులో ఎవరు రాశారు?

వ్యాసం తిరగరాసి పంపు. టోక్యో పేరా ముందుకు తే, బూతులు తీసెయ్, పడవ కథ చేర్చు. హెడ్డింగు నీది నువ్వే పెట్టి పంపు. వెబ్‌సైటువాళ్లు దాన్ని తిరిగి ‘పగ’ అని మారుస్తామంటే నీ పేరు తీసేయమను. అలా అంటే వేసుకోరేమో అని టెన్షన్ పడకు, ఇంకో రెండు చోట్ల నేను మాట్లాడతాను. అన్నట్టు, వ్యాసానికి ఎంతిస్తారో నువ్వు రాయలేదు. మెయిల్లో అడిగి, జవాబు దాచుకో. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఉంటాను.